సున్నా గారి వంగతోట

ప్రింటింగ్ ప్రెస్సులో ఆయన్ని అందరూ సున్నా గారంటారు. ముప్పై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి. ఒకసారి ఒక ఆహ్వానపత్రంలో 'పదిమంది పెద్దలు' కాస్తా 'పందిమంది పెద్దలు'గా అచ్చుకు వెళ్ళబోతుంటే, ఆఖరి నిమిషంలో ఆ సున్నాను పట్టుకుని పెద్దల పరువు నిలబెట్టింది ఆయనే.

అటువంటి మనిషికి మేడమీద కూరగాయలు పండించాలని బుద్ధి పుట్టింది. పుట్టిందే తడవు, స్నానాలగదిలో ఉన్న మూడు బకెట్లకూ అడుగున చిల్లులు పొడిచాడు.

"ఏవండీ, రేపటినుంచి మనం వానొచ్చినప్పుడే స్నానం చెయ్యాలా?" అంది భార్య.

"కూర పండాక నువ్వే మెచ్చుకుంటావులే."

మూడు బకెట్లలో మట్టి నింపి విత్తనాలు చల్లి, అట్టముక్కల మీద గుండ్రటి అక్షరాలతో 'వంగ', 'బెండ', 'మిరప' అని రాసి గుచ్చాడు. అక్షరం సరిగ్గా ఉంటే మొక్క దానంతటదే సరిగ్గా వస్తుందని ఆయన నమ్మకం. నవ్వడానికి లేదు. దేవుడి పేరు గోడమీద అందంగా రాయించుకుని, ఇక పనైపోయిందనుకునేవాళ్ళం మనలో మాత్రం తక్కువా?

నీళ్ళ సంగతి అడిగితే ఆయన దగ్గర సామెత సిద్ధంగా ఉండేది. చెప్పులేసుకుంటూ, "నారు పోసినవాడు నీరు పోయడటే?" అని చేతులు పైకెత్తి దణ్ణం పెట్టి ప్రెస్సుకి వెళ్ళిపోయేవాడు.

"ఎందుకు పొయ్యడూ! మోకాళ్ళ నొప్పులతో, చేతికో బిందె పట్టుకుని, మూడంతస్తులు ఎక్కి మరీ పోస్తాడు" అని ఆవిడ బిందె ఎత్తుకునేది.

వంగ బకెట్లో తొమ్మిది మొలకలు లేచాయి. ఎనిమిది పీలగా ఉన్నాయి. ఒకటి మాత్రం బలంగా, ఆకులు విప్పుకుని, ఇంటి అల్లుడిలా నిలబడింది. సున్నా గారు కళ్ళజోడు సవరించుకుని ఎనిమిదింటినీ అచ్చుతప్పుల కింద తీర్మానించి పీకేశాడు. బెండ, మిరప బకెట్లలో ఆయన కంటికి అన్నీ తప్పులుగానే కనబడ్డాయి. అవి రెండూ ఖాళీ అయ్యాయి.

ఒక పెద్ద వానకి అట్టముక్క మీది 'వంగ'లో సున్నా కరిగిపోయింది.

"'వగ' అని ఉందేమిటండీ? వగ అంటే ఏడుపే కదూ?" అంది భార్య.

ఆయన పరుగున వెళ్ళి సున్నా మళ్ళీ చుట్టి వచ్చాడు. మొక్క మాత్రం వగ లేకుండా ఏపుగా పెరిగి, పొడుగాటి తెల్లని పూలు పూసింది.

"వంగపువ్వు ఊదారంగులో ఉంటుంది కదండీ?"

"ఇది కొత్త రకం. నీకు తెలీదు."

నీళ్ళ ట్యాంకు దిమ్మమీద ఆవిడది ఒక పగిలిన తొట్టి ఉంది. కూరగాయల చెక్కులూ, బియ్యం కడిగిన నీళ్ళూ అందులో పోసేది. అందులోనూ ఏదో లేచింది. అట్టముక్క లేదు, పేరు లేదు. ఆయన రెండుసార్లు దాన్ని పీకబోయాడు.

"దాని జోలికి వెళ్ళకండి. మీ ఎర్రసిరా నా తొట్టికి అంటనివ్వను" అని ఆవిడ అడ్డం నిలబడింది.

ఇంతలో పై అంతస్తులో ఉండే దర్జీ, బకెట్ల నీళ్ళు కప్పులోంచి దిగి తన కుట్టుమిషను మీద చుక్కలుగా పడుతున్నాయని భవనం సెక్రటరీకి ఫిర్యాదు చేశాడు. సెక్రటరీ వచ్చి, ఆ బకెట్లు తీసెయ్యమన్నాడు.

"తోటని తీసెయ్యమంటారా? ఆదివారం రండి. కాయ చూపిస్తాను. చూపించలేకపోతే నా చేతుల్తో నేనే దింపేస్తాను" అన్నాడు సున్నా గారు. అంతటితో ఊరుకోక, ప్రెస్సులో అందరికీ వంకాయలు తెస్తానని మాటకూడా ఇచ్చేశాడు.

ఆదివారం సెక్రటరీ తన ముసలితల్లినీ, దర్జీనీ వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. సున్నా గారు ఆకులు పక్కకి తప్పించాడు. గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో ఒక కాయ కనబడింది.

"ముళ్ళ వంకాయ. మేలురకం" అన్నాడు.

ముసలమ్మ వంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాయనా, ఇది ఉమ్మెత్త! కొంపదీసి వండుకు తినేరు. పిచ్చెక్కుతుంది."

"తినకముందే ఎక్కినట్టుందమ్మా" అన్నాడు దర్జీ.

మూడు నెలలు పెంచింది దీన్నా! సున్నా గారి కళ్ళు అట్టముక్క మీదికి వెళ్ళాయి. సున్నా చక్కగా, ఉండాల్సిన చోటే ఉంది.

"మరి బకెట్లు దింపిస్తారా?" అన్నాడు సెక్రటరీ.

"ఇటొకసారి రండి బాబూ" అని ఆయన భార్య దిమ్మ దగ్గరికి దారితీసింది. పగిలిన తొట్టిలో టమాటా మొక్క, కాయల బరువుకి కొమ్మలు వాల్చుకుని ఉంది. పండినవే పది దాకా ఉంటాయి. కొమ్మలు పాత గుడ్డపీలికలతో ఊతకర్రలకి కట్టి ఉన్నాయి.

"ఓహో! ఇది వేసింది మీరేనా సున్నా గారూ?" అన్నాడు సెక్రటరీ.

'ఊ' అన్న ఒక్క అక్షరం చాలు. నిలబెట్టుకోవలసిన మాట, సోమవారం ప్రెస్సు, దర్జీ నవ్వు, అన్నీ ఆ అక్షరాన్ని నాలుక చివరిదాకా తోసుకొచ్చాయి. ఆయన భార్య చేతులకేసి చూశాడు. బిందె అంచు ఒరుసుకుని వేళ్ళు కాయలు కాచి ఉన్నాయి. ఆ కాయల్ని ఆయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ దిద్దిచూడలేదు.

"నేను కాదండీ. నేనైతే రెండుసార్లు పీకబోయాను. నీళ్ళు పోసింది ఈవిడ" అన్నాడు.

"తొట్టి దిమ్మమీద ఉంది, కింది ఇంట్లోకి కారదు. ఉండనివ్వండి. బకెట్లు మాత్రం దింపండి" అన్నాడు సెక్రటరీ. ఆవిడ ముసలమ్మ చేతిలో రెండు పళ్ళు పెట్టి, దర్జీకి కూడా ఒకటి ఇచ్చింది.

సోమవారం సున్నా గారు చెప్పులేసుకుంటూ, "నారు పోసినవాడు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. చెప్పులు విప్పి బిందె అందుకున్నాడు.

"ఎన్ని చెంబులు పొయ్యాలే?"

"మట్టిలో వేలు పెట్టి చూడండి, అదే చెబుతుంది. అచ్చులో ఉండదది."