దిష్టి రింగు

పెనం మీద జొన్నరొట్టె పొంగుతుంటే హాల్ల నుంచి మా మామ రాజనర్సు గొంతు వినొచ్చింది. "గా సన్నటి రేకుతోని కంభాలా? పసుపు మూటలు కాదు, పిల్లి ఎక్కినా పడిపోతయ్." మా ఆయన శివకుమార్ కిసకిస నవ్విండు. ఆ కంభాల డ్రాయింగు గీసింది నేను. దాన్ని తన పేరు మీద పని ఇచ్చిన పార్టీకి చూపెట్టి శెభాష్ అనిపించుకున్నది ఆ నవ్వినాయనే. నేను రొట్టె తిప్పిన. మాడితే దానికి ఇంకో మాట పడాలె.

బక్కదనం మీద మాటలు నాకు కొత్త కాదు. పెండ్లిచూపులల్ల మా అత్తమ్మ ప్రమీలమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసి "పిల్ల బక్కగున్నది, బిందె లేపుతదా?" అన్నది. పాలిటెక్నిక్‌ల మెకానికల్ చదివిన, హైదరాబాద్‌ల గోదాం ర్యాకుల కంపెనీల నౌకరి చేసిన అని మా బాపు చెప్తనే ఉన్నడు, ఎవ్వరు చెవిన పెట్టలె. పెండ్లై వచ్చినంక బిందె లేపిన, గ్యాస్ బండ లేపిన. వంటైనంక కంప్యూటర్ ముంగట కూసొని గేట్లు, ర్యాకులు చేసే మా ఇంటోళ్ల ఫ్యాబ్రికేషన్ షాపుకు డ్రాయింగులు గూడ గీసిన. జీతం సంగతెత్తితే శివ "మనింటి పనికి జీతమేందే, నీకు తిండికి తక్కువైందా?" అంటడు. ఎవరన్న ఇంటికొస్తే "మా నవత టైపింగ్ చేస్తది" అని చెప్తడు. టైపింగట. ఆ మాట వినుకుంటనే చాయ్ కప్పులు వాళ్ల ముంగట పెట్టి లోపలికొస్త.

ఇప్పుడు చేస్తున్న పని బోధన్ రోడ్డు మీద చెన్నకేశవరావు సార్ కట్టిన గోదాముకు. వాళ్ల నాయన కాలంల అక్కడ చెరుకు పండేది. ఇప్పుడు పసుపు మూటలు, వరి విత్తనాల మూటలు ఎత్తుకు పేర్చాలె. ఎప్పటి లెక్క మందపు ఇనుముతో చేస్తే ర్యాకు బరువే ఒక మోత. అందుకే హై టెన్సైల్ స్టీల్ పెడ్దామన్న. చూస్తే సన్నగుంటది గని, మందపు ఇనుమంత బరువు ఆపుతది. షరతు ఒక్కటే, కంభానికి వెల్డింగ్ మంట తగలొద్దు. తగిలిన కాడ మెత్తబడ్తది, పల్చటి రేకు కాబట్టి చిల్లు గూడ పడొచ్చు. అన్నీ బోల్టులతోనే బిగియ్యాలె. ఈ ముచ్చట మామకు చెప్పిన, శివకు చెప్పిన, వెల్డర్ దేవన్నకు చెప్పిన.

గని మా షాపుకొక ఆనవాయితీ ఉన్నది. గేటైనా ర్యాకైనా, పని ఐనంక మామ తన చేత్తోని ముందటి కంభానికి చిన్న ఇనుప రింగు వెల్డింగ్ పెడ్తడు, నిమ్మకాయ మిరపకాయలు కట్టనీకె. "ఆ రింగు చూస్తే రాజనర్సు పని అని జిల్లా అంత గుర్తు పడ్తది" అంటడు. మందపు ఇనుముకు దాంతోని నష్టం లేదు. "ఈసారి దారంతోని కడ్దాం మామా" అన్న. "నిన్నగాక మొన్నొచ్చినవ్, దిష్టి సంగతి నాకు నేర్పుతవా?" అన్నడు.

గోదాం ఓపెనింగ్ నాడు నన్నూ తోల్కపోయిన్రు. డిజైన్ చేసిందని కాదు, హారతికి ముత్తైదువ కావాలెనని. పళ్లెం పట్టుకొని పోతుంటె చూసిన. ముందటి వరుసల ఒక్క కంభానికి కాదు, అన్నిటికీ రింగులు. పెద్ద పని కాబట్టి పెద్ద దిష్టి అనుకున్నడేమో మామ. కంభాల నీలం రంగు మీద మళ్ల రంగేసి కాలిన మచ్చ కప్పిన్రు. గోరుతోని గీకితే రంగు పెచ్చులూడింది, రింగు పక్కన చిల్లు కనవడ్డది. ఆ ర్యాకు కిందనే పసుపు కొమ్ములు ఏరనీకె వచ్చిన ఆడోళ్లు గోనెసంచులు పరుచుకొని కూసున్నరు. ఎదురుంగ మూటలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి మీద మొదటి మూటలు తయారుగ ఉన్నయ్.

శివ చెవిల చెప్పిన. వాని మొకం తెల్లగైంది, అంటే తెలుసన్నట్టే. "ఇప్పుడా? పార్టీ ముంగట బాపు ఇజ్జత్ తీస్తవా? నోరు మూస్కొని హారతియ్యి. తర్వాత చూద్దాం."

తర్వాతనట. కింద కూసున్నోళ్ల పానాలకు తర్వాత ఉంటదా? హారతి వెలిగించిన. ఆ పళ్లెం తీస్కపోయి ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల ముంగట నేల మీద పెట్టిన. వెలుగుతున్న హారతిని తొక్కి బండి ఎవడు నడుపుతడు? డ్రైవర్ ఇంజన్ బంద్ చేసి దిగిండు.

"ఏంటమ్మా ఇది?" అని చెన్నకేశవరావు సార్ దగ్గరికొచ్చిండు.

"ఆమెకేం తెల్వది సార్, ఇంట్ల ఉంటది" అన్నడు శివ.

"ఇంట్ల ఉండే గీసిన సార్. ఈ ర్యాకు డిజైన్ నాది. రింగులు పెట్టిన కంభాలు మార్చేదాక ఈ వరుసల ఒక్క మూట ఎక్కొద్దు. మిగతా వరుసలు మంచిగున్నయ్." చిల్లు చూపెట్టిన.

సార్ ఆ చిల్లుల వేలు పెట్టి చూసిండు. కింద కూసున్నోళ్లను లేపి బయటికి పంపిండు. "అమ్మాయి చెప్పినట్టు చెయ్యండి" అని మాత్రమే అన్నడు.

ఇంటికొచ్చినంక మామ నా మీద ఎగిరిండు. "పది మందిల నా పరువు తీసినవ్. ఎన్నేండ్ల రింగు అది!"

నేను జవాబు చెప్పేలోపల అత్తమ్మ నోరు తెరిచింది. ఈ ఇంట్ల ఆయనకు ఎదురు మాట్లాడంగ నేనెన్నడు వినలె. "పిల్ల దారంతోని కడ్దామన్నది కద. నీ మొదటి వెల్డింగ్ మిషన్ ఎట్లొచ్చింది? నేను బీడీలకు దారం చుట్టి చుట్టి వేళ్లు కోసుకుంటే వచ్చింది. నా పేరుతోని నువ్వు ఏ రింగు పెట్టినవ్?"

మామ టీవీ పెట్టుకున్నడు. అత్తమ్మ కొంగుతోని మొకం తుడుచుకొని వంటింట్లకొచ్చి, రొట్టెలు చేస్తున్న నా పక్కన పీట మీద కూసున్నది.

శివ వంటింటి గడప కాడ నిలబడ్డడు. "సరే, ఐందేదో ఐంది. కొత్త కంభాల డ్రాయింగు కావాలె. రొట్టెలైనంక కూసొని గీసియ్యి."

పొయ్యి బంద్ చేసిన. పిండి ముద్ద ఇంకా పళ్లెంల ఉన్నది.

"గీస్త. గని పొద్దుగాల, షాపుల, కుర్చీల కూసొని, జీతానికి గీస్త. ర్యాకు ఎంత మోస్తదో బోర్డు పెడ్తం కద, దాని కింద నా పేరుండాలె."

"లేకుంటే?"

"లేకుంటే నువ్వే టైపింగ్ చేస్కో."

"మరి రొట్టెలు?" అన్నడు, పిండి దిక్కు చూసుకుంట.

చెయ్యి కడుక్కున్న. "ఏ కంభం ఎంత మోస్తదో ఇన్ని దినాలు నేనే చెప్పిన శివా. నేనెంత మోస్తనో గూడ ఇగ నేనే చెప్త."