కంచక్క ఆట

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. లాండ్రీలో అందరికీ ఆవిడ కంచక్క.

ఆస్పత్రుల దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. ఒక పక్క గదంతేసి ఉతుకు యంత్రాలు దడదడలాడుతుంటాయి. ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు గిరగిరా తిరుగుతుంటాయి. మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్లు బుసలు కొడుతుంటాయి. ఆ రొదలో పక్కమనిషికి మాట వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అక్కడ సూపర్‌వైజరుగా చేసీ చేసీ ఆవిడ గొంతు కంచు మోగినట్టు తయారైంది. "కంచక్క షిఫ్టు దిగితేగానీ ఈ వీధి కుక్కలకి మొరిగే అవకాశం రాదు" అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆవిడ విననట్టే వినేది.

ఆవిడది పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నోట్లో మాట మిగిలేది కాదు. మొగుడు స్కూలు బస్సు డ్రైవరు, పిల్లలందర్నీ దింపి సాయంత్రం గానీ రాడు. అత్తగారు భోజనం చేసి నడుం వాల్చేది. ఇక ఆ వేళంతా కంచక్కదే. అప్పుడావిడ వెనకగదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, వేరే లోకంలోకి వెళ్ళిపోయేది.

ఆ లోకం తమ్ముడి పుణ్యమా అని వచ్చింది. పెళ్ళైన కొత్తలో వాడు తన వీడియో గేమ్ పెట్టె తెచ్చి అక్క ఇంట్లో పడేశాడు. "మా ఆవిడ దీన్ని సవతిలా చూస్తోందక్కా. కొన్నాళ్ళు నీ దగ్గరుంచు" అన్నాడు. దుమ్ము దులుపుదామని తీసి, పనిచేస్తుందో లేదో చూద్దామని పెట్టింది కంచక్క. ఆ చూడటం చూడటం ఇక వదల్లేదు. తమ్ముడు తర్వాత రెండుమూడుసార్లు అడిగాడు గానీ, "పాడైపోయిందిరా" అని అబద్ధమాడేసింది.

ఒక మనిషిని మనమే తయారుచేసుకుని, ఆ మనిషిగా బతికే ఆట అది. కంచక్క తయారుచేసుకున్నది పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, భుజాన విల్లున్న ఒక వైద్యురాలిని. ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, ఆ వైద్యురాలు నోరు విప్పదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి తమ గోడు చెప్పుకుంటారు. ఈవిడ తెరమీద కనిపించే మూడు నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకుంటే చాలు. అరవకుండానే ఊళ్ళకి ఊళ్ళు కాపాడొచ్చు! అక్కడి రాక్షసులు కూడా మర్యాదస్తులే. అన్నం ఉడికిందేమో చూసొద్దామని ఆట ఆపితే, ఎత్తిన గద ఎత్తినట్టే పట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక్కోరోజు యుద్ధాల జోలికే పోకుండా, మంచు కొండల నడుమ సరస్సు పక్కన నిలబడి నీళ్ళు చూస్తూ ఉండిపోయేది. ఎవరూ "అక్కా, మూడో యంత్రం ఆగిపోయింది" అనరు. ఎవరూ "కోడలా, నా కళ్ళజోడేదీ" అనరు.

ఆ వైద్యురాలికి తోడుగా ఒంటికన్ను కత్తివీరుడొకడు ఉండేవాడు. గొణుగుడెక్కువ, అడిగితే ప్రాణమిచ్చేరకం. వాడి పేరు నోరు తిరక్క కంచక్క వాణ్ణి "బావ" అనేది.

అంతా సాఫీగా నడుస్తుండగా లాండ్రీలో ఆ రోజు వచ్చింది.

తడి దుప్పటి రెండు కొసలూ చెరొకరు పట్టుకుని రోలర్లలోకి అందించడం ఇద్దరి పని. ఆ ఇద్దరిలో ఒకామె సన్నగా, చలాకీగా ఉండేది. అందరూ పిచ్చుక అనేవాళ్ళు. బయట ఆస్పత్రి లారీ వచ్చి నిలబడింది. "కానియ్యండి, కానియ్యండి! లారీ వచ్చేసింది!" అని కంచక్క ఎప్పటిలాగే ఒక కేక వేసింది. ఆ కేక గాలిలో ఉండగానే పిచ్చుక చెయ్యి దుప్పటితోపాటు ముందుకి పోయింది. కంచక్క ఒక్క అంగలో దూకి ఎర్ర మీట మీద అరచేత్తో కొట్టింది. రోలర్లు ఆగాయి. అప్పటికే వేళ్ళు లోపలున్నాయి.

పిచ్చుకని ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆపరేషన్ చేశారన్నారు. వేళ్ళు ఉంటాయో ఉండవో అప్పుడే చెప్పలేమన్నారట. ఆ మాట విన్నాక కంచక్క ఇంకేమీ వినదలుచుకోలేదు. ఎవరు ఆ ఊసెత్తబోయినా పనున్నట్టు పక్కకి జరిగిపోయేది. కొన్నాళ్ళకి పిచ్చుక నంబరు నుంచే ఫోన్లు రావడం మొదలైంది. ఫోను మోగుతుంటే నిప్పుకణాన్ని చూసినట్టు చూసేదే గానీ ఎత్తేది కాదు. ఎత్తితే ఏమంటుంది? "నువ్వు తొందరపెట్టబట్టే కదా నా చెయ్యి పోయింది" అంటుంది. ఇంకేమంటుంది!

లాండ్రీలో అరవడం మానేసింది. ఇంట్లో అన్నం సయించడం మానేసింది. ఒక్క ఆట మాత్రం మానలేదు. మానకపోగా, ఇదివరకు హాయి కోసం వెళ్ళే చోటికి ఇప్పుడు తరుముతుంటే పారిపోయినట్టు వెళ్ళేది. సరస్సు దగ్గర నిలబడటం మాని, యుద్ధం తర్వాత యుద్ధం చేసేది. బావకి దెబ్బ తగిలి కూలిపోతే చాలు, వెంటనే ఆట ఆపి, వాడు బాగున్నప్పుడు దాచుకున్న పాత చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేది. వాడు లేచి, దులుపుకుని, గొణుక్కుంటూ వెంట నడిచేవాడు. అది చూసినంతసేపూ ఆవిడ గుండె కుదుటపడేది. తెర ఆర్పగానే మళ్ళీ మామూలే.

కోడలు చిక్కిపోతున్న సంగతి అత్తగారు కనిపెట్టకపోలేదు. "ఏమైందే?" అంటే "ఏం లేదత్తయ్యా" అనేది. కొడుకుని అడిగితే, "పనెక్కువై ఉంటుందిలే అమ్మా" అన్నాడు. కోడలు తలుపు వేసుకుని లోపల ఎవరితోనో మాట్లాడటం మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. ఒకరోజు మధ్యాహ్నం దాహమేసి లేచి, వెనకగది ముందునుంచి వెళ్తుంటే కోడలి గొంతు వినపడింది.

"ముసలిది నిద్రపోయింది బావా. ఇదే అదను. చప్పుడు చెయ్యకుండా రా."

అత్తగారు తలుపుకి చెవి ఆనించింది.

"ఇవాళతో దీని పీడ విరగడైపోవాలి. నువ్వు తలవైపు పో, నేను కాళ్ళవైపు వస్తా."

అంతే. అత్తగారు తలుపు బార్లా తోసుకుని లోపలికొచ్చింది. చేతిలో నీళ్ళ చెంబు ఆయుధంలా పైకెత్తి ఉంది.

"ఎవడే వాడు?"

కంచక్క ఉలిక్కిపడింది. "ఎవరత్తయ్యా?"

"నాకు చెవుడొచ్చిందనుకున్నావా? నా కడుపున పుట్టింది ఒక్కడే. నీకు బావ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?" అంటూ ఆవిడ తలుపు వెనక చూసింది, కర్టెన్ లాగి చూసింది, మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి మంచం కింద కూడా చూసింది. అక్కడ పాత చెప్పులు తప్ప ఏమీ లేవు.

"బావ అదిగో" అంది కంచక్క, తెర చూపిస్తూ. "ఆ ఒంటికన్నువాడు. ఇది ఆట అత్తయ్యా."

"మరి ముసలిది?"

"అదీ ఆటలోదే. ఆ గుహలో గురకపెడుతోంది చూడండి, ఆ మంత్రగత్తె."

అత్తగారు చెంబు దించి, తెర దగ్గరకంటా పోయి, కళ్ళు చికిలించి చూసింది. "ఇదా! దీనికి నోట్లో ఒక్క పన్ను లేదు. నన్ను దీంతో పోల్చుకుని అనవసరంగా హడలి చచ్చాను" అని మంచం మీద కూలబడి, ఊపిరి పీల్చుకుని, నవ్వడం మొదలుపెట్టింది. కంచక్కకీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు.

ఈ గోలలో ఆట ఆపడం మరిచిపోయింది. తెరమీద మంత్రగత్తె లేచి కూర్చుని చెయ్యి విసిరింది. బావ గాలిలో గిరికీలు కొట్టి, గోడకి గుద్దుకుని నేలమీద పడ్డాడు. కత్తి పట్టుకున్న చెయ్యి ఒక పక్కకి వాలిపోయింది.

కంచక్క నవ్వు నవ్వులోనే ఏడుపైపోయింది. వెక్కిళ్ళు పెట్టి, భుజాలదిరిపోయేలా ఏడ్చింది.

అత్తగారు నిర్ఘాంతపోయింది. "ఏమిటే ఇది? బొమ్మ పడిపోతే ఇంత ఏడుపా?"

"వాడికేం కాదత్తయ్యా. వాడు మళ్ళీ లేస్తాడు. నేను బటన్ నొక్కితే లేస్తాడు. పిచ్చుక చెయ్యే..."

అత్తగారు పక్కకి జరిగి, కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. మెల్లమెల్లగా, ముక్కలు ముక్కలుగా సంగతంతా బయటికొచ్చింది. లారీ, కేక, దుప్పటి, ఎర్ర మీట, ఎత్తని ఫోన్లు.

"ఇంత మోస్తూ నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

"అంటే నిజమైపోతుందనిపించింది."

"అనకపోతే అబద్ధమైందా?" అంది అత్తగారు. "లే. మొహం కడుక్కో. ఆ అమ్మాయి ఇల్లెక్కడో తెలుసుగా? పోదాం పద" అంది.

"ఇప్పుడా? మీరెందుకత్తయ్యా ఈ ఎండలో..."

"నువ్వొక్కదానివే పోతే గుమ్మం దాకా పోయి వెనక్కొస్తావు. నీ సంగతి నాకు తెలీదూ?"

పిచ్చుక ఇల్లు మేడమీద. ఇరుకు మెట్లు. అత్తగారు ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కుతుంటే, కంచక్కకి ఆ మూలుగు ఊరటగా ఉంది, చేరడం ఆలస్యమవుతుందని. తలుపు కొట్టగానే పిచ్చుకే వచ్చి తీసింది. కుడిచేతికి కట్టుంది. కంచక్క చూపు మొహం మీద నిలవకుండా ఆ కట్టు మీదికి జారింది.

"అమ్మయ్య, వచ్చావా అక్కా! నీకు ఫోన్లు చేసి చేసి ఉన్న వేళ్ళు అరిగిపోతున్నాయి" అంది పిచ్చుక.

"ఉన్న వేళ్ళంటే... ఎన్ని?" కంచక్క గొంతు పీలగా వచ్చింది.

"ఎన్నేమిటి, ఐదూ ఉన్నాయి! చిటికెన వేలు మాత్రం పూర్తిగా వంగదట. చూడు." కట్టులోంచి బయటికొచ్చిన వేలికొసలు పురుగుల్లా కదిపి చూపించింది. రోజూ ఒక మెత్తటి బంతి నొక్కమన్నారనీ, ఆ బంతిని చూస్తేనే ఒళ్ళు మండుతోందనీ చెప్పింది.

కంచక్క గోడకి ఆనుకుంది. అయినా అసలుది ఇంకా గొంతులోనే ఉంది. దాన్ని కక్కేస్తేగానీ లాభం లేదనుకుంది.

"నన్ను తిట్టవే. నేనలా తొందరపెట్టకపోతే నీకిలా జరిగేది కాదు."

"తొందరా? ఎప్పుడు?"

"అదే, లారీ వచ్చేసిందని అరిచాను కదా."

పిచ్చుక ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత పకపకా నవ్వింది. "నాకేం వినపడలేదక్కా. చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుంటాంగా. పెట్టుకోకపోతే ఊరుకోనని నువ్వే అన్నావు. అవి పెట్టుకుంటే పిడుగు పడ్డా తెలీదు."

"మరి నేను అరిచి చెప్పే పనులన్నీ ఎలా చేస్తున్నారే?"

"నీ చేతులు చూసి. నువ్వు చెయ్యి ఇటు ఊపితే దుప్పట్లు, అటు ఊపితే గౌన్లు."

"అయితే ఇన్నాళ్ళూ నేనెందుకు అరిచినట్టు?"

"నీ సరదా ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాం."

అత్తగారు నవ్వు ఆపుకోలేక దగ్గింది. పిచ్చుక అప్పుడు అసలు జరిగింది చెప్పింది. దుప్పటి అంచు చిరిగి, కుట్టుదారం ఉచ్చులా వేలాడుతోంది. అది మణికట్టుకి తగులుకుంది. విడిపించుకునేలోగా రోలరు లాగేసింది. "నువ్వు ఠక్కున ఆపబట్టి సరిపోయింది. ఆ మాట నీకు చెబుదామనే ఫోన్లు చేసింది. నువ్వేమో పెద్ద ఆఫీసరులా ఎత్తవు!"

కంచక్క కట్టు లేని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎవరో ఛాతీ మీదనుంచి తడి దుప్పట్ల మూట దించేసినట్టుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి విపరీతంగా ఆకలేసింది. ఇంటికి రాగానే గిన్నెలో మిగిలిన చల్లటి అన్నం నిలబడే తినేసి, చీకటి పడకముందే పడుకుని, మొగుడొచ్చి లేపినా లేవకుండా నిద్రపోయింది. మర్నాడు లాండ్రీలో చేసిన మొదటి పని, అంచు చిరిగిన దుప్పట్లు రోలర్ల దాకా రాకుండా ముందే ఏరి పక్కనపెట్టడానికి ఒక మనిషిని నిలబెట్టడం. మేనేజరు, "ఆలస్యమవుతుంది కదమ్మా" అని నసిగాడు. "అవనివ్వండి" అంది కంచక్క, నిమ్మళంగా.

ఆట జోలికి మాత్రం కొన్నాళ్ళు పోలేదు. వెళ్ళాలనిపించలేదు, అంతే. తర్వాత ఒక మధ్యాహ్నం వాన పట్టింది. చేతిలో పని లేదు, మనసులో బరువూ లేదు. ఊరికే వెళ్ళాలనిపించింది, సెలవురోజు పుట్టింటికి వెళ్ళాలనిపించినట్టు. వెనకగది తలుపు తీసే ఉంచి పెట్టె పెట్టింది. ఇదివరకెప్పుడూ వెళ్ళని రేవుకి వెళ్ళి, పడవెక్కింది. దూరంగా ఏదో దీవి మసగ్గా కనిపిస్తోంది. ఎవరితోనూ యుద్ధం లేదు. తెడ్డు నీళ్ళలో మునిగి తేలుతున్న చప్పుడొక్కటే.

ముందుగదిలోంచి అత్తగారు కేకేసింది. "ఏం చేస్తున్నావే?"

"ఏం లేదత్తయ్యా. పడవలో కూచున్నా."

"వానలో పడవేమిటే! తలమీద ఏమైనా కప్పుకున్నావా?"

"కప్పుకున్నానత్తయ్యా" అంది కంచక్క. వైద్యురాలి సంచి తెరిచి, వెతికి, ఒక కంబళి తీసి నిజంగానే కప్పింది.