పేరు లేని అండా

మాకు సింపుల్‌గా బతకడం నేర్పించడానికి మనుషులొచ్చారు. వింటే మీకు నవ్వొస్తుందేమో గానీ నాకు ఒళ్ళు మండింది. కోయంబత్తూరు వీధులు ఊడ్చి ఊడ్చి రిటైరైనదాన్ని. ఊరంతా పారేసిన సామాను ఈ రెండు చేతులతో ఎత్తినదాన్ని. ఇప్పుడు హౌసింగ్ బోర్డు ఇచ్చిన ఫ్లాట్‌లో, ఒక్క గదిలో, నేనూ నా కొడుకు కార్తీ కోడలు ముత్తుసెల్వీ మనవరాలూ సర్దుకుని పడుకుంటున్నాం. మా దగ్గర ఏం ఎక్కువైందని తగ్గించుకోమంటారు?

ఆ వచ్చినవాళ్ళకు పెద్ద గాయత్రి. సూలూరు దారిలో ఉన్న కృష్ణంరాజు మిల్లు ఇంటి కోడలు. వాళ్ళూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. ఏ కాలంలోనో వాళ్ళ ముత్తాతలూ మా ముత్తాతలూ ఒకే దారిన ఈ సీమకు వచ్చారంటారు. వాళ్ళకు భూములు దొరికాయి, మాకు చీపుర్లు దొరికాయి. ఆ పిల్ల తన ఇంట్లో సగం సామాను తీసేశాక మనసు తేలికైందట. ఆ తేలిక మాకూ పంచాలని మా బ్లాకు కింద కుర్చీలు వేయించి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, మైకు పట్టుకుని చెప్పేది. వాడని వస్తువు మనది కాదు, ఇచ్చెయ్యండి అనేది. మరి బీరువాలో ఉన్న నగలు ఇచ్చేశావా అని అడుగుదామని లేచాను. ముత్తుసెల్వి నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

ముత్తుసెల్వికి ఆ మాటలు బాగా ఎక్కాయి. దాన్నీ అనలేను. నలుగురు మసలే గదిలో ఇంకొంచెం చోటు దొరుకుతుందంటే ఎవరికి ఆశ ఉండదు?

ఆ తర్వాత నేను వాడిపట్టికి పోయాను, మా అక్క కూతురి కాన్పుకి. పురుడూ స్నానమూ అయ్యాక శనివారం పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి తలుపు తీస్తే, నా ఇల్లు నేనే గుర్తుపట్టలేకపోయాను. నేల అద్దంలా ఉంది. నా చింకి చాపలు లేవు. వాటికి నేనేం ఏడవను. కానీ గోడ మూల అండా లేదు.

అండా అంటే ఏదో బిందె అనుకునేరు. నిలబడి నా నడుం దాకా వచ్చే ఇత్తడి అండా. నలుగురు మోస్తే గానీ కదలదు. అది మా ఇంట్లో ఉండేది గానీ మా ఇంటిది కాదు, మా వీధి మొత్తానిది. మా అత్త కాలంలో మా వీధిలో ఒక పెళ్ళికి వంట పాత్రలు అద్దెకు తెద్దామని బజారుకు పోతే, అంగడివాడు మావాళ్ళను గుమ్మం కూడా ఎక్కనియ్యలేదట. మీకిస్తే ఆ తర్వాత వాటిని ఇంకెవరూ ముట్టరు, పొండి అన్నాడట. ఆ రోజు ఇంటింటి నుంచీ చిన్న చిన్న చట్లు తెచ్చి వండుకున్నారు. పెళ్ళివారి ఆకలి తీరేసరికి పొద్దుగూకింది. పెళ్ళికొడుకు తల్లి ఆ అవమానానికి వీధిలో కూర్చుని ఏడ్చిందని మా అత్త చెప్పేది.

ఆ పెళ్ళయ్యాక వీధిలోని ఆడవాళ్ళు ఊరుకోలేదు. ప్రతి ఇంటి నుంచీ ఇత్తడి వచ్చింది. చెంబు ఉన్నవాళ్ళు చెంబు, గరిటె ఉన్నవాళ్ళు గరిటె, ఏమీ లేని ఒక ముసలమ్మ తలుపు గొళ్ళెం పీకి ఇచ్చింది. అదంతా కరిగించి కంచరి చేత అండా చేయించారు. ఈ సీమలో గరిటె కొన్నా దాని మీద పేరు కొట్టిస్తారు. మా అండా మీద మాత్రం పేరు కొట్టించలేదు. కొట్టిస్తే ఎవరి పేరు కొట్టాలి? ఎవరూ నాదని అనకూడదనే అలా వదిలేశారు. మారియమ్మ పండగకు పొంగలి అందులోనే, క్రిస్మసుకు బిరియానీ అందులోనే, ఎవరైనా పోతే వచ్చినవాళ్ళకు కాఫీ కూడా అందులోనే. పాత వీధి నుంచి ఈ ఫ్లాట్లకు మమ్మల్ని తరిమినప్పుడు, మెట్లెక్కించలేమని కింది అంతస్తులో ఉన్న మా ఇంట్లో పెట్టారు. నన్ను నమ్మి పెట్టారు.

“అండా యాడ?” అన్నాను.

ముత్తుసెల్వి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. “ఇచ్చేస్తిని అత్తా.”

“ఎవురికి?”

“గాయత్రి అక్కా, ఆమె కూడా వచ్చినోళ్ళు. ఇది ఎవురిదని తిప్పి తిప్పి చూసిరి. పేరేం లేదు. మన ఇంట్లో ఉండాది, ఇంక మనదే కదా అని ఇస్తిని.”

“మనదని నీకెవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలే. మనదే, అందురికీ ఇరవల్ ఇస్తుండామనుకుంటిని.”

ఇరవల్ అంటే చేబదులు. ఆండిపట్టి నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ ఊళ్ళో వస్తువు ఎవరింట్లో ఉంటే వాళ్ళదే. పేరు లేకపోవడమే దాని గుర్తని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. కార్తి చెప్పి ఉండొచ్చు, వాడికి ఫోను చూసుకోవడానికే తీరిక చాలదు.

“ఇచ్చేముందు నాకొక ఫోను చెయ్యగూడదా?” అన్నాను.

అప్పుడు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. “పాప దినామూ కాళ్ళు ముడుచుకోని పడుకుంటాది అత్తా, ఆ అండా పక్కన. ఒక్క రాత్రన్నా కాళ్ళు చాపుకోని నిద్రపోనీ అని ఇస్తిని. తప్పా?”

తప్పనలేను. కోపం మాత్రం దిగలేదు. కోడలి మీద కోపం కాదది. ఒక పసిపిల్ల కాళ్ళు చాపుకోవడానికి చోటు లేని ఇల్లు కట్టిచ్చినవాళ్ళ మీద, ఆ ఇంటికొచ్చి సామాను ఎక్కువైందని చెప్పినవాళ్ళ మీద.

అంతలోనే గుమ్మంలో జెబరాజ్ కనిపించాడు. మా పై అంతస్తువాడు, లోడ్ ఆటో నడుపుతాడు. వాడి కూతురు ఇలక్కియకు సోమవారం చర్చిలో పెళ్ళి. భోజనాలు మా బ్లాకు కిందే.

“అత్తా, వస్తివా? రేపు అండా బయటికి తీసుకుంటాము. లోపల కళాయి ఎట్లుండాదో చూడాల,” అన్నాడు.

నేను జరిగింది చెప్పాను. జెబరాజ్ మంచివాడు. గోడ మూల చూసి, “పోనీ అత్తా. బాడుగకి తెచ్చుకుందాము. ఇబుడు అంగట్లో అందురికీ ఇస్తారు కదా,” అన్నాడు.

“ఇస్తారు కాబట్టి మనది పోగొట్టుకోవల్నా?” అన్నాను. “వీధంతా నమ్మి నా ఇంట్లో పెట్టింది జెబరాజు. దాన్ని తేకుండా నీ కూతురి పెండ్లిలో నేను ఏ ముఖం పెట్టుకోని కూర్చుండేది? పొద్దన్నే బండి తియ్యి.”

ఆదివారం పొద్దున్నే ముగ్గురం పోయాం. ముత్తుసెల్వి వద్దన్నా వినకుండా ఆటో ఎక్కింది.

మిల్లు ఇల్లు బయటి నుంచే తెల్లగా మెరిసిపోతోంది. తెరిచిన తలుపులోంచి హాలు కనబడింది. మా బ్లాకులోని నాలుగు ఇళ్ళు కలిపినంత ఉంది. అందులో ఒక చాప, ఒక కుర్చీ, అంతే. అంత ఖాళీ పెట్టుకోవాలంటే ముందు అంత చోటుండాలి కదా.

మా అండా గుమ్మం ముందే ఉంది. నిండా నీళ్ళు పోసి, తామరపూలు వదిలి, చుట్టూ గులాబీ రేకులు చల్లారు. ఎన్ని చావులకు, ఎన్ని పెళ్ళిళ్ళకు మా ఆడవాళ్ళు చెమటలు కక్కుతూ గరిటె తిప్పిన అండా అది. దాన్నలా బొమ్మలాగా కూర్చోబెట్టారు.

గాయత్రి నవ్వుతూ వచ్చింది. కాటన్ చీర, మెడలో సన్నటి దారం, నగలేం లేవు.

“రండి అక్కా, లోపలికి రండి. చూస్తిరా ఎంత అళగుగా ఉండాదో? వచ్చినోళ్ళంతా దీన్నే ఫోటో తీస్తారు.”

“అమ్మణీ, ఇది మా ఇంటిది కాదు, మా వీధిది. నా కోడలు తెలియక ఇచ్చేసింది. రేపు ఈయన కూతురి కల్యాణం. ఎత్తుకోని పోదామని వస్తిమి.”

గాయత్రి నవ్వు తగ్గలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఒక వస్తువు మీద ఇంత పట్టు పెట్టుకోగూడదు. నేను చెప్తిని కదా, పట్టు విడిస్తేనే మనసు తేలికవుతాది. మీకు వంటకి కావల్నంటే కొత్త స్టీల్ పాత్ర తీసిస్తాను. ఇంకా తేలిగ్గా ఉంటాది.”

ఇక నా వల్ల కాలేదు.

“పట్టు విడవాల్సింది నేనా అమ్మణీ? మీ సామాను తీసేసి తేలికైతే అది మీ ఇష్టం. మా సామాను తెచ్చి మీ వాకిట్లో పెట్టుకోని తేలికైనామంటారేంటికి? మీకు తగ్గింది యాడ? మాకే కదా తగ్గింది.”

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. చేయి వదిలేసింది. “నాకు తెలీదు అక్కా. నిజంగా తెలీదు. తీసుకోని పొండి,” అంది. అబద్ధం చెప్పిందని నేననను. తెలియదు, నిజమే. తెలుసుకోవాలని అడిగింది కూడా లేదు.

అప్పుడే గాయత్రి అత్త పొన్నమ్మాళ్ పూజ ముగించుకుని బయటికి వచ్చింది. చేతిలో రెండు తామరపూలు. అండా అంచు పట్టుకుని వంగి, ఆ పూలు నీళ్ళలో వదిలింది. రోజూ ఆమె చేసే పనే కాబోలు.

“ఎవురు గాయత్రీ ఈళ్ళు?” అంది.

“ఈ అండా ఈళ్ళదంట అత్తా. ఈళ్ళ వీధిలో అందురిదీ అంట.”

“ఏ వీధి?”

నేనే చెప్పాను. కార్పొరేషన్ ఊడ్పుపనివాళ్ళ వీధి, ఇప్పుడు హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలో ఉన్నామని.

ఆమె అంచు మీద ఉన్న చెయ్యి తీసేసింది. తీసి, దేనికీ తగలకుండా ఆ చేతిని పక్కకు పట్టుకుంది. నేను చూశాను. గాయత్రీ చూసింది. నేను చూశానని గాయత్రికి తెలుసు.

“అమ్మా,” అన్నాను పొన్నమ్మాళ్‌తో, “రేపు ఈ అండాలోనే అన్నం వండుతాము. ఇన్ని దినాలు మీ ఇంట్లో ఉండింది, మీరిద్దురూ రావాల. మా పక్కన కూచోని ఒక పిడి తినాల.”

పొన్నమ్మాళ్ కోడలి వంక చూసింది. కోడలు నేల వంక చూసింది.

“రేపా? నేను సాయంత్రం పండ్లు మాత్రమే తింటాను అక్కా,” అంది గాయత్రి.

“భోజనం మధ్యాహ్నం అమ్మణీ.”

“మధ్యాహ్నం గూడా,” అంది. “అత్తకి విరతం.”

జెబరాజ్ నా భుజం తట్టాడు, ఇక చాలు అత్తా అన్నట్టు. నీళ్ళు తోటలో పారబోశాం. ఆ ఇంటి వాచ్‌మన్ వేలుసామి ఒక పక్క పట్టుకోవడానికి వచ్చాడు, పాపం అతనికి మా మీద ఏ కోపమూ లేదు. నలుగురం కలిసి అండాను బండిలోకి ఎక్కించాం.

బండి గేటు దాటి తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. పొన్నమ్మాళ్ మెట్ల మీద నిలబడి వేలు చూపిస్తోంది. వేలుసామి బకెట్టు తెచ్చి, అండా ఉన్న చోట పసుపునీళ్ళు పోస్తున్నాడు. గాయత్రి అక్కడే ఉంది. వద్దనలేదు.

“బండి నిలుపు,” అన్నాను.

“వద్దత్తా, అండా వచ్చేసింది కదా,” అన్నాడు జెబరాజ్.

“నిలుపురా.”

దిగి గేటు దాకా నడిచాను. “అమ్మణీ,” అని పిలిచాను. గాయత్రి తలెత్తింది.

“ఇల్లంతా ఖాళీ చేసినానంటిరి. నేను నమ్మితిని. ఆ పసుపునీళ్ళు పోయించే బుద్ధి మాత్రం బద్రంగా దాచిపెట్టుకోనుండారు. మా వీధికి వచ్చి మా చాపలూ చట్లూ లెక్క తీసేముందర దాన్ని తీసి పారెయ్యండి. ఇంక మైకు ఎత్తుకోని మా బ్లాకుకి రావద్దు.”

జవాబు కోసం నేను ఆగలేదు. వచ్చి బండెక్కాను. ఇంటికి చేరేదాకా ముత్తుసెల్వి అండా మీద నుంచి చెయ్యి తియ్యలేదు. దారిలో జెబరాజ్ ముందు నుంచే అన్నాడు, “కల్యాణం అయినాక ఇది మా ఇంట్లో ఉండనీ అత్తా. ఎట్లో ఒకట్లు మెట్లెక్కిస్తాము. ఇలక్కియ పొయినాక మాకు చోటుంటాది. నీ మనవరాలు కాళ్ళు చాపుకోని పడుకోనీ.” ఆ మాటతో ముత్తుసెల్వి ఏడుపు ఆపుకోలేకపోయింది.

బ్లాకు ముందు అండా దించగానే ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. చింతపండూ బూడిదా తెచ్చాం. నేనూ ముత్తుసెల్వీ లోపల, మా బ్లాకు పిల్లలు సంతానలక్ష్మీ లోకేశ్వరీ బయట, చేతులు పడిపోయేలా తోమాం. కడిగాం. మళ్ళీ తోమాం. ఎండలో అండా కళ్ళు చెదిరేలా మెరిసింది.

“చాలు పెద్దమ్మా,” అంది సంతానలక్ష్మి నడుం పట్టుకుని. “రెండు తూర్లు తోమితిమి. ఇంకేమి మురికుండాది దీంట్లో?”

“నీకు తెలీదు పాపా,” అన్నాను, “ఇది యాడ ఉండి వచ్చిందో. ఇంకొక తూరి తోము.”