బాజ్యుక్ పేరు చెప్పుకొని

నవంబరు లెక్క డార్కా రెండుసార్లు చూసుకొంది. ప్రకటనలు పెట్టించే కోల్బీ పంపిన కాగితంలో, వాటిని చూసి ఫోన్ చేసినవాళ్ళు అరవై ఒక్కరని ఉంది. ఆమె నోటుబుక్కులో తొమ్మిది పేర్లే ఉన్నాయి.

కెనడాలోని విన్నిపెగ్‌లో, చలికి ఇళ్ళను వెచ్చగా ఉంచే ఫర్నేసులు బాగుచేసే బాజ్యుక్ హీటింగ్ ఆమె మామగారు పెట్టింది. ఇప్పుడు భర్త మైరన్ వ్యాను వేసుకొని ఇళ్ళకు వెళ్తాడు. ఆఫీసులో కూర్చొని ఫోన్లు ఎత్తేది డార్కా. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఎత్తని ఫోన్ లేదు. అయితే రెండు చలికాలాలుగా ఆ ఫోన్ మోగడం తగ్గింది. జనం ఫ్రిజ్ మీద అంటించిన కార్డు చూడడం మానేసి సెల్‌ఫోన్‌లో వెతుకుతున్నారు. వెతికితే ముందు కనబడేది డబ్బు కట్టినవాళ్ళ పేర్లే.

అలాంటప్పుడే కోల్బీ వచ్చాడు. నలభై లోపు వయసు, మంచి మాటకారి. కొత్త వెబ్‌సైట్ కట్టి, దానికి ప్రకటనలు పెట్టించి, ఒక డాలర్ పెడితే నాలుగు డాలర్ల పని తెచ్చిపెడతానన్నాడు.

"ప్రకటనల్లో వేరే నంబర్ వేస్తామండి. ఎంతమంది చేశారో లెక్క తెలియాలి కదా. దానికి చేసినా మోగేది మీ ఫోనే," అన్నాడు.

మైరన్‌కు ఇష్టం లేదు. "మన పేరుకి ఇంకొకడి నంబర్ ఏంటి?" అని గొణిగాడు. పట్టుబట్టింది డార్కాయే. కొత్త వ్యాను కొనడానికి దాచిన సొమ్ము అందులో పెట్టించిందీ ఆమే.

ఆ కాగితం చూశాక కోల్బీకి ఫోన్ చేసింది.

"వచ్చాయి డార్కా గారూ, టైముతో సహా నా దగ్గరున్నాయి," అన్నాడు అతను నవ్వుతూ. "మీరే ఎత్తి మర్చిపోయి ఉంటారు. ఒక్క మనిషి అన్ని ఫోన్లు చూసుకోవడమంటే మాటలా."

అతను మామూలుగా అన్న మాటే. కానీ డార్కా తల్లికి యాభై ఆరో ఏట మతిమరుపు మొదలైంది. మొదట మరిచిపోయింది ఫోన్లనే. పొద్దున మాట్లాడిన అక్కతో, వారం రోజులుగా ఫోన్ చెయ్యలేదేమని సాయంత్రం పోట్లాడేది. డార్కాకు ఇప్పుడు యాభై నాలుగు.

ఆ రోజే తన సెల్‌ఫోన్ నుంచి ప్రకటనలోని నంబర్‌కు చేసి చూసింది. ఎదురుగా బల్ల మీదున్న ఆఫీసు ఫోన్ మోగింది. అంటే నంబర్‌లో తప్పేమీ లేదు. తప్పు ఇంకెక్కడో ఉంది.

డిసెంబరంతా ఆమె ఫోన్ వదిలి కదల్లేదు. స్నానాలగదిలోకి కూడా తీసుకెళ్ళింది. మోగిన ప్రతిసారీ, మాట్లాడి పెట్టేశాక టైము రాసి పక్కన గీత పెట్టింది. నెలాఖరుకు పదకొండు గీతలు ఉన్నాయి. కోల్బీ కాగితంలో యాభై ఎనిమిది. గీతలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి, గీత పెట్టడం కూడా మరిచిపోతున్నానేమో అనుకొంది. ఆ ఆలోచన వచ్చాక తిండి సయించలేదు. పండక్కి చేసిన పెరోగీ కుడుముల్లో ఉప్పు వేశానో లేదోనని మూడుసార్లు రుచి చూసింది.

"ఏంటి, ఈమధ్య పిలిస్తే ఉలిక్కిపడుతున్నావ్?" అని మైరన్ అడిగాడు.

"నిద్ర సరిగ్గా లేదు," అంది.

జనవరిలో, చలి సున్నాకు ముప్పై నాలుగు డిగ్రీల కిందికి దిగిన వారంలో, ఒకరోజు పదకొండు గంటలకు ఆఫీసు ఫోన్ మోగింది. చేసింది సిగ్రిడ్. సార్జెంట్ వీధి దగ్గర పాత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, ఎనభై మూడేళ్ళు. ఐస్‌లాండ్ నుంచి వచ్చి ఆ వైపు స్థిరపడ్డవాళ్ళు అమ్మమ్మను 'అమ్మా' అనే పిలుస్తారు. ఆ వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచేది. డార్కా కూడా.

"అమ్మాయ్, మీ మనిషి ఇంకా రాలేదేం?" అంది సిగ్రిడ్. మాట ముద్దముద్దగా ఉంది. "నిన్న వచ్చి ఫర్నేస్ విప్పాడు. ఏదో ముక్క పాడైందని పట్టుకెళ్ళాడు. పొద్దున్నే తెస్తానన్నాడు. ఎనిమిది వందలు ముందే తీసుకున్నాడు కూడాను."

డార్కా నోటుబుక్కు తిప్పింది. నిన్నటి పేజీలో సిగ్రిడ్ పేరు లేదు. నిన్న మైరన్ రోజంతా ఊరికి తూర్పు చివర, ట్రాన్స్‌కోనా వైపు ఉన్నాడు. వాళ్ళకు ఇంకో పనివాడే లేడు.

"అమ్మా, మీరు నాకు ఫోన్ చేశారా నిన్న?"

"చేశాను కదా. మనవరాలు ఇచ్చిన ఫోన్‌లో మీ పేరు వెతికి చేశాను. ఇవాళ ఫ్రిజ్ మీది కార్డు చూసి చేస్తున్నా. నువ్వే కదా పంపిస్తానన్నావ్."

డార్కా నోటుబుక్కు మళ్ళీ చూసింది. నేనే అన్నానట. నేనే ఎవరినో పంపానట.

"ఇంట్లో వేడి లేదా ఇప్పుడు?"

"వంటింట్లో ఉన్నాలే. ఓవెన్ వెలిగించి తలుపు తీసి పెట్టుకున్నా. తలనొప్పిగా ఉంది కాస్త. పడుకుంటా."

"పడుకోకండి, అమ్మా. కిటికీ తెరవండి. వింటున్నారా?"

లైను తెగలేదు, జవాబూ రాలేదు. రిసీవర్ దేనికో తగిలిన చప్పుడు వచ్చింది, అంతే.

డార్కా సెల్‌ఫోన్ తీసి అత్యవసర నంబర్ తొమ్మిది ఒకటి ఒకటికి చేసి అడ్రసు చెప్పింది. తరువాత కోటు బొత్తాలు పెట్టుకోకుండానే కారెక్కింది. సిగ్రిడ్ ఇల్లు ఆఫీసుకు ఆరు వీధుల దూరం. దారంతా ఒకే మాట తలలో తిరుగుతోంది. ఎవరిని పంపాను? మరిచిపోయి ఎవరికి చెప్పాను?

ముందు తలుపు తాళం వేసి ఉంది. వెనకకు పరుగెత్తింది. వంటింటి కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు పట్టి ఏమీ కనబడలేదు. వెనక తలుపును భుజంతో నెట్టగా మూడోసారికి గడియ ఊడింది. లోపలి గాలి బరువుగా, వెచ్చగా ముఖానికి తగిలింది. గ్యాస్ ఓవెన్ తలుపు బార్లా తీసి ఉంది. సిగ్రిడ్ కుర్చీలో ఒరిగిపోయి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు సగం మూసుకున్నాయి. విషవాయువు పేరుకుంటే కూసే అలారం గోడ మీద లేదు. కూత ఆపడానికి కాబోలు, బ్యాటరీ తీసేసి బల్ల మీద పెట్టి ఉంది.

డార్కా ఓవెన్ కట్టేసి, సిగ్రిడ్ చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగింది. గడప దగ్గర ఇద్దరూ పడ్డారు. డార్కా ముందు లేచి, కోటు విప్పి ముసలావిడ మీద కప్పి, మంచులోంచి కారు దాకా ఈడ్చుకెళ్ళింది. తన తల కూడా దిమ్ముగా ఉంది. "అమ్మా, నా వంక చూడండి. నా పేరేంటి? నా పేరు చెప్పండి," అని చెంపలు తడుతూ అడుగుతూనే ఉంది.

"డార్కావి," అంది సిగ్రిడ్ చాలాసేపటికి. "అరవకే."

ఫైరింజనూ అంబులెన్సూ కలిసే వచ్చాయి. ఆక్సిజన్ పెట్టి సిగ్రిడ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంకో అరగంట అయితే ప్రాణం దక్కేదో లేదో చెప్పలేకపోయేవాళ్ళమని ఫైర్ మనిషి అన్నాడు.

మైరన్ వచ్చేసరికి ఇంట్లో గాలి శుభ్రమై, లోపలికి పోనిస్తున్నారు. అతను నేలమాళిగలోకి దిగి, ఫర్నేస్ చూసి, చాలాసేపు పైకి రాలేదు. డార్కాయే కిందికి వెళ్ళింది.

"నిక్షేపంలాంటి కంట్రోల్ బోర్డు పీక్కుపోయాడు," అన్నాడు. "నేను పోయిన ఏడాదే వేశాను దాన్ని. ఇది చూడు."

ఫర్నేస్ రేకు మీద కొత్త స్టిక్కర్ ఉంది. బాజ్యుక్ హీటింగ్ అని పెద్ద అక్షరాలు. కింద కోల్బీ ఇచ్చిన నంబర్.

"ఆ నంబర్ నేను చూశాను మైరన్. మన ఫోనే మోగుతుంది," అంది డార్కా. "నేనే ఎత్తి ఉంటాను. నేనే..."

"ఎక్కడి నుంచి చేసి చూశావ్?"

"నా ఫోన్ నుంచి."

మైరన్ ఆమెను వంటింట్లోకి తీసుకొచ్చి, సిగ్రిడ్ గోడ ఫోన్ చేతిలో పెట్టాడు. "దీన్నించి చెయ్యి."

రెండుసార్లు మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"బాజ్యుక్ హీటింగ్. చెప్పండి, ఏంటి ఇబ్బంది?"

ఆఫీసులో ఇప్పుడు ఎవరూ లేరని డార్కాకు తెలుసు. "ఎవరండీ మాట్లాడేది?" అని అడిగింది.

"నా పేరు డార్కా అండి. ఇక్కడ ఫోన్లన్నీ నేనే చూస్తాను. మీ అడ్రసు చెప్తారా?"

డార్కా ఫోన్ పెట్టేసి సిగ్రిడ్ కుర్చీలో కూలబడింది. ముందు కలిగింది భయం కాదు. తన బుర్ర బాగానే ఉందన్న సంతోషం. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన ఇంట్లో కూర్చొని తనకు సంతోషం ఎలా కలిగిందా అని. రెండు నెలలుగా దాచిందంతా అక్కడే చెప్పేసింది.

"మీ అమ్మలా అవుతున్నావనుకున్నావా?" అన్నాడు మైరన్. "నాతో ఒక్క ముక్క అనలేకపోయావ్."

"అంటే నిజమైపోతుందని అనలేదు."

తరువాత పోలీసులు చెప్పారు. బాజ్యుక్‌ల సొంత ఫోన్ల నుంచి చేస్తే వాళ్ళకే మోగేలా కోల్బీ పెట్టాడు. అనుమానం రాకుండా బయటివాళ్ళ ఫోన్లు కూడా నెలకు కొన్ని వాళ్ళకు వదిలేవాడు. మిగతావన్నీ ఒక ముఠాకు అమ్ముకున్నాడు. ఆ ముఠా మనుషులు బాజ్యుక్ పేరు చెప్పుకొని ఇళ్ళలోకి వెళ్ళారు. జనం ఆ పేరు చూసి తలుపులు తీశారు. ప్రకటనలకు డబ్బు కట్టింది డార్కాయే. కోల్బీ ఆఫీసు వదిలి పారిపోయాడు, కంప్యూటర్లు మాత్రం దొరికాయి. ఆ నంబర్ మాత్రం ఇంకా పదకొండు రోజులు పనిచేసింది. ఆ పదకొండు రోజులూ డార్కా రోజుకోసారి ఎవరిదో ఒక ఫోన్ అడిగి చేసేది. రోజూ ఆ గొంతే తన పేరు చెప్పేది.

ఆఖరికి పోలీసులు నంబర్ తెంపించి, కోల్బీ కంప్యూటర్లలో దొరికిన జాబితా ఇచ్చారు. ముఠా మనుషులు నిజంగా వెళ్ళినవి తొంభై తొమ్మిది ఇళ్ళు. ప్రతి ఫర్నేసూ డబ్బు తీసుకోకుండా చూస్తామని డార్కా పేపర్లో తన పేరు మీద వేయించింది. మైరన్ వద్దనలేదు. జాబితా ఆమె చేతిలో, పనిముట్లు అతని చేతిలో, ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. కొందరు తలుపు తియ్యకుండానే తిట్టారు. ఒకాయన వాళ్ళ ముఖాన తలుపు వేశాడు. మూడిళ్ళలో గ్యాస్ గొట్టం బిగించకుండా వదిలేసి ఉంది. ఆ మూడిళ్ళలోనూ పసిపిల్లలున్నారు.

ఫిబ్రవరి ఆఖరుకు ఒక్క ఇల్లు మిగిలింది. ఎన్నిసార్లు తలుపు కొట్టినా పలికినవాళ్ళు లేరు. మెట్ల మీద మంచు మోకాలెత్తున పేరుకొని ఉంది. డార్కా కిటికీ అద్దానికి చేతులు అడ్డం పెట్టి లోపలికి చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు. పక్కింటికి వెళ్ళి అడిగింది.

"వాళ్ళా? క్రిస్మస్ అయ్యాక చలి లేని చోటికి, అరిజోనా పోయారు," అన్నాడు పక్కింటాయన. "ఏప్రిల్లో గానీ రారు. గ్యాస్ ఆపించే వెళ్ళారు. ఏం, ఏమైనా పనుందా?"

"ఏం లేదండీ," అంది డార్కా. ఆ మెట్ల మీదే మంచులో కూర్చుండిపోయింది. మైరన్ వ్యాను దిగి వచ్చి చెయ్యి అందించేదాకా లేవలేదు.