కడగని గుల్లలు

"మీరే ఏరిచ్చిన గుల్లలు. మీ కళ్లముందే సీలేసిన డబ్బాలు. వాటిలో సీసం లేదని తేలింది. ఇంకేం కావాలమ్మా మీకు?"

ఫ్యాక్టరీ మేనేజరు రిపోర్టు ఊపుతూ నవ్వాడు. పక్కన కూర్చున్న కాలుష్య పరీక్షల అధికారి తలెత్తలేదు. హాలులో అరవైమంది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సముద్రపు నీళ్లు వెనక్కి తీసినప్పుడల్లా మోకాళ్లలోతు బురదలో దిగి గుల్లలు ఏరుకుని బతికేవాళ్లు వాళ్లు. ఆ బురదలోనే ఫ్యాక్టరీ గొట్టం పదేళ్లుగా విషం కక్కుతోంది.

అందరి చూపూ పెద్దక్క మీద పడింది. పరీక్షకు గుల్లలు ఏరిచ్చింది ఆవిడే. ఆవిడ మనవరాలి రక్తంలో సీసం చేరిందని, గుల్లలు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. మరేం పెట్టాలో ఆ మహానుభావుడు చెప్పలేదు. ఇంట్లో వండుకునేవీ గుల్లలే, బజారులో అమ్ముకునేవీ గుల్లలే. విషమని అరిస్తే కొనే దిక్కుండదు. నోరు మూసుకుంటే పిల్ల దక్కదు. ఎటు కదిలినా గోడే.

"ఎలాంటివి ఇచ్చావక్కా?" తోటికోడలు గట్టిగా అడిగింది.

"మంచివే ఇచ్చానే! గొట్టానికి దూరంగా ఇసుక దిబ్బ మీద బొద్దువి ఏరాను. తేట సముద్రపు నీళ్లలో రెండు రోజులుంచి బురదంతా కక్కించాను. పరాయివాళ్లకిచ్చేవి మురికిగా ఎలా ఇస్తాం? పరువు పోదూ?"

తోటికోడలు నెత్తి కొట్టుకుంది. "ఓసి నీ శుభ్రం తగలెయ్యా!"

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దక్క మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. ఫ్యాక్టరీవాళ్లకు కావలసిన అబద్ధాన్ని తన చేతులతోనే తోమి ఇచ్చింది.

"మళ్లీ పరీక్ష చెయ్యండి బాబూ," అంది.

"వచ్చే ఏడాది చూద్దాం," అన్నాడు అధికారి.

"ఊరుకోవే, బజారు పోతుంది," అని ఓ ముసలమ్మ గొణిగింది.

"పోనీ పిన్నీ! బజారు పోతే మళ్లీ వస్తుంది. పిల్ల పోతే వస్తుందా?" అంది పెద్దక్క.

మర్నాడు నీళ్లు తీయగానే అరవైమందీ గొట్టం మూతి దగ్గరే దిగారు. "కడగొద్దు! చుక్క నీళ్లు తగలనివ్వొద్దు!" అని పెద్దక్క కేకలు పెట్టింది. బురద కారే తట్టలు నెత్తిన పెట్టుకుని బజారులోంచే నడిచారు. కొనడానికి వచ్చినవాళ్లకు వాళ్లే చెప్పారు: "కొనకండి, వీటిలో విషముంది."

ఆఫీసు మెట్ల దగ్గర అధికారి ముక్కు మూసుకున్నాడు. "ఛీ, కడిగి తీసుకురండి!"

"కడిగే మోసపోయాం బాబూ. డబ్బాలు తే, ఇలాగే సీలెయ్యి." తట్టలు మెట్ల మీద దించి, వాటి పక్కనే కూర్చున్నారు.

డబ్బాలు రాలేదు, పోలీసులు వచ్చారు. పెద్దక్కను జీపెక్కించారు. మనవరాలిని చూసుకోమని ఆవిడ జీపులోంచే కేకేసింది. స్టేషనులో రైటరు కుళాయి చూపించాడు.

"చేతులు కడుక్కో. వేలిముద్ర వెయ్యాలి."

"కడగను. ఈ బురద కూడా మీ కాగితాలకెక్కాలి."

బురద వేలు కాగితం మీద గట్టిగా నొక్కింది. ఇంతలో వాకిట్లో అలికిడి అయింది. తోటికోడలు లోపలికి వచ్చి తన బురద చేతులు బల్ల మీద పెట్టింది. ఆమె వెనకాల ముసలి పిన్ని, ఆ వెనక ఇంకొకరు.

"ఇంకా ఎంతమంది?" రైటరు విసుక్కున్నాడు.

"బురదలో దిగినవాళ్లందరం," అంది పిన్ని. "రాసుకో."