నీ పేరేంటమ్మా

సంచిలో ముందుగా రేడియో పెట్టాను. మా ఇంట్లో దాన్ని అలాగే పిలుస్తాం. గొంతుకు ఆనించి మీట నొక్కితే మాట పలికించే చిన్న యంత్రం అది. దాని పక్కన విడి బ్యాటరీలు, మెడకు కట్టుకునే ఉతికిన గుడ్డలు, ఒక కొవ్వొత్తి. ఎవరి ప్రయాణానికి సంచి సర్దినా నాకు అనుమానమే. ఏదో మరిచానని మళ్లీ విప్పి చూస్తాను.

మా ఆయన మాట్లాడటానికని, నేను సర్దిన రేడియోను బయటికి లాగారు.

"అగ్గిపెట్టె నీ దగ్గరే ఉంచవే. నా జేబులో కనబడితే పిల్లలు నన్ను నమ్ముతారా?"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా! మళ్లీ సర్దాలి."

ఆయన బస్సు కండక్టరుగా చేశారు. కేకేస్తే రెండు వీధుల అవతలివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చేవారు. బడి వయసులో మొదలైన సిగరెట్టు చివరికి ఆ గొంతును తినేసింది. ఆపరేషను తరువాత మెడలో చేసిన రంధ్రంలోంచే ఊపిరి. పొగ తాగొద్దని బడుల్లో బొమ్మలు చూపిస్తే పిల్లలు ఆవులిస్తున్నారని, మీరే వచ్చి మాట్లాడండని ఆసుపత్రి నర్సమ్మ అడిగింది. అప్పటినుంచి ఊళ్లోని బడులన్నీ తిరిగారు, మనవరాలి బడి తప్ప.

అది మా దగ్గరే ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. మాటలో పదును ఎక్కువని ఆయన దాన్ని కందిరీగ అంటారు. "నీ గొంతు వింటే నన్ను ఏడిపించి చంపుతారు తాతయ్యా, మా బడికి మాత్రం రాకు" అంది. ఆయన సరేనన్నారు.

మొన్న దాని యూనిఫారం ఉతకబోతే పొగ వాసన వచ్చింది. ఆయనకు ఇప్పుడు వాసనలు తెలియవు కనుక నేనే చెప్పాల్సి వచ్చింది. పిల్లను నిలదీస్తే ముందు బస్టాపులో ఎవరో కాల్చారంది. తరువాత ఏడ్చింది.

"రెండు మూడు సార్లే, అమ్మమ్మా. బడి గోడ వెనకాల. వద్దంటే పాలపీక తెచ్చిమ్మంటావా అని వెక్కిరిస్తారు."

ఆయన తిట్టలేదు. "మీ బడికి వస్తానే, కందిరీగా" అన్నారు.

చాలాసేపు గోళ్లు కొరుక్కుని, "రా. కానీ నేనెవరో తెలియనట్టే ఉండాలి. ఒట్టు?" అంది.

"ఒట్టు."

శుక్రవారం వెళ్లాం. నేను హాలు వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన నోరు తెరవగానే నవ్వులు. ఒకడు ముక్కు మూసుకుని, బస్సులో మైకు పలికినట్టు "తరువాతి స్టాపు" అని అనుకరించాడు. మూడో వరుసలో మనవరాలు తల దించుకుంది.

ఆయన నా దగ్గర్నుంచి అగ్గిపెట్టె తెప్పించుకుని, కొవ్వొత్తి వెలిగించి, ఆ అనుకరించినవాణ్నే పిలిచారు. వాడు ఒక్క ఊదుకే ఆర్పేశాడు. మళ్లీ వెలిగించి, ఈసారి ఆయన బుగ్గలు పొంగించి ఊదారు. మంట కదలలేదు. మళ్లీ ఊదారు. కదలలేదు. అప్పుడు మెడ గుడ్డ పక్కకు తీసి వంగారు. రంధ్రంలోంచి వచ్చిన గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది.

ఎవరూ నవ్వలేదు.

"మీ వయసులో నన్ను ఎవరూ బలవంతపెట్టలేదర్రా. పిరికివాడంటారని కాల్చాను. అలా అన్నవాళ్లలో ఒక్కడూ ఆసుపత్రికి రాలేదు" అన్నారు.

అయిపోయాక పిల్లలు చుట్టూ మూగి, తాతా తాతా అంటూ రేడియోను ముట్టుకుని చూస్తున్నారు. వాళ్లను తోసుకుంటూ మా పిల్ల వచ్చింది. అందరూ చూస్తుండగా, రోజూ ఇంట్లో చేసినట్టే, ఆయన మెడ గుడ్డ సరిచేయబోయింది. దాని కళ్లు నాకు కనబడుతున్నాయి. ఈయన మా తాతయ్య అని చెప్పడానికే వచ్చింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తరువాత గుంపులోంచి వెళ్లిపోయింది.

ఇంటికొస్తూ ఆయన మురిసిపోయారు. "చూశావా? ఒట్టు నిలబెట్టుకున్నా, దానితో కన్ను కూడా కలపలేదు!"

నేను చూసింది చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. వెళ్లి పిల్ల గది తలుపు తట్టారు.

"నా పేరు తెలుసా మీకు?" అంది లోపలినుంచి. ఆ పిల్ల ఏనాడూ ఆయన్ను మీరు అనలేదు.

ఆయన రేడియో గొంతుకు ఆనించుకున్నారు. "పొరపాటైందే. సోమవారం మళ్లీ వస్తా. అందరి ముందూ నా మనవరాలివని చెబుతా."

తలుపు ఓరగా తెరుచుకుంది.

"గుడ్డ సరిగ్గా కట్టుకుని రా. వంకరగా ఉంటే ఊరుకోను."

శనివారం నేను బియ్యం ఏరుతుంటే పక్కన చేరింది. "ఇక ఆ గోడ వెనక్కి వెళ్లను, అమ్మమ్మా. తాతయ్యకు నువ్వు చెప్పకు. సోమవారం అక్కడే, అందరి ముందూ నేనే చెబుతాను" అంది. నేను ఆయనకు ఆ మాట చెప్పనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. మా ఆయన ఇంటికి తిరిగి రాలేదు. ఆ ఆదివారమే, చీకటి పడకముందే పోయారు.