పైకి లాగిన చెయ్యి

నేను ఒక శిక్షణ హెలికాప్టర్‌లో ఎడమచేతి పిడిని. ఇప్పుడు పని మానేసి తరగతి గదిలో బల్ల మీద కూర్చున్నాను. నన్ను పైకెత్తితే హెలికాప్టర్ లేస్తుంది, కిందికి నొక్కితే దిగుతుంది. ఇంత చిన్న సంగతి నేర్పడానికే నా వయసంతా సరిపోయింది!

నా దగ్గరికి కోరి వచ్చేవాళ్ళు తక్కువ. శిక్షణ మధ్యలో కొత్త పైలట్లను మూడు దారుల్లోకి పంచుతారు: ఫైటర్, రవాణా విమానం, హెలికాప్టర్. ఆ రోజు ఫైటర్ రానివాళ్ళ ముఖాలు చూడాలి, అబ్బబ్బ! పెళ్ళివారి బస్సు తప్పిపోయినట్టుంటాయి.

బొడ్డేపల్లి సౌజన్య అలాగే వచ్చింది. అంతదాకా ఆమె నేర్చుకున్న విమానంలో ఇంజను జోరు తగ్గించాలంటే ఎడమచెయ్యి వెనక్కి లాగాలి. ఆ అలవాటు కొద్దీ, దిగమన్నప్పుడల్లా నన్ను లాగేది. మేము ఇంకా పైకి పోయేవాళ్ళం. మామూలుగా అయితే నవ్వుకోవచ్చు. కానీ ఇంజను ఆగిపోతే నన్ను వెంటనే కిందికి నొక్కాలి. లేదంటే పైనున్న రెక్కల వేగం పడిపోయి రాయిలా కూలిపోతాం. పరీక్షలో గురువు పైడిరాజుగారు కావాలనే ఇంజను తగ్గించారు. ఆ పిల్ల నన్ను పైకే లాగింది. ఆయన తన సీటు పక్కనున్న నా జోడీ పిడిని నొక్కి గట్టెక్కించారు. ఇంకోసారి తప్పితే ఆమెకు ఇక ఎగరడమే లేదు.

దిగగానే సౌజన్య ఏడ్చేసింది. "నాకిది వద్దు సార్. నేనడిగింది ఫైటర్."

"నేనూ ఫైటరే నడిపానమ్మా. మంటలంటుకుంటే సీటుతో సహా బయటపడ్డాను. వెన్ను దెబ్బతింది. ఇటు పంపేశారు."

"మరి ఫైటర్ గుర్తురాదా సార్?"

"రాకేటమ్మా? రోజూ వస్తాది. వచ్చినా దీన్లోకే ఎక్కుతున్నాను."

ఓ మంచి మాట చెప్పి ఓదారిస్తే ఆయన సొమ్మేం పోయిందని నాకు కోపం వచ్చింది.

మర్నాడు మళ్ళీ పరీక్ష. ఇంజను తగ్గింది. సౌజన్య వేళ్ళు బిగుసుకున్నాయి, పైకి లాగబోయాయి. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. అంతలో ఆ చెయ్యి నన్ను చివరంటా కిందికి నొక్కింది. నేల దగ్గరికొచ్చాక మెల్లగా ఎత్తి, హెలికాప్టర్‌ను నేలకు ఆనించింది. పైడిరాజుగారు చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు.

"నెగ్గావమ్మా," అన్నారు.

ఆమె నవ్వలేదు. "అంటే, ఇక ఫైటర్ రాదు కదా సార్?"

"రాదమ్మా."

సౌజన్య కళ్ళు తుడుచుకుంది. నన్ను వదల్లేదు.

"ఇంకోసారి పైకెళ్దామా సార్?" అంది.